చక్రాలు కొనేముందు కొలత చూడండి: పెరటి రైళ్ల అపోహలు, వాస్తవాలు

డాలస్‌లో మా పెరట్లో బుల్లి మోడల్ రైలు తిరగడం మొదలై పన్నెండేళ్లయింది. ఈమధ్య తెలిసినవాళ్ల బండ్లు కూడా నా పని బల్ల మీదికి చేరుతున్నాయి. ఎల్‌జీబీ, బాక్‌మన్ కంపెనీల వ్యాగన్లే ఎక్కువ, అన్నీ 45 మి.మీ. గేజివే, అంటే రెండు పట్టాల మధ్య దూరం అంత. బండి తెచ్చినవాళ్లు రోగం పేరు కూడా తామే చెప్పేస్తారు: "ప్లాస్టిక్ చక్రాలండీ, అందుకే పడిపోతోంది. మెటల్‌వి వేసేయండి."

అపోహ: మెటల్ చక్రాలు వేస్తే బండి ఇక పట్టాలు తప్పదు

సగం నిజం. మెటల్ చక్రాల బరువంతా బండి అడుగున ఉంటుంది కాబట్టి తేలికపాటి ప్లాస్టిక్ వ్యాగన్ కుదురుగా నడుస్తుంది. కానీ పాయింట్ల దగ్గర, అంటే ఒక దారి రెండుగా చీలే చోట, మాత్రమే పడిపోయే బండికి బరువొక్కటే మందు కాదు. అక్కడ చూడాల్సింది ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం. బ్యాక్-టు-బ్యాక్ అంటాం. నా బండ్లన్నిటికీ 40 మి.మీ. దగ్గర ఉంచుతాను.

ఇది నాకు తేలిగ్గా అబ్బలేదు. కొత్తలో ఒక బొగ్గు వ్యాగన్‌కి నాలుగు జతలూ కొత్త మెటల్‌వి వేశాను. ప్రతి రౌండులోనూ అదే పాయింటు మీద వెనక బోగీ (బండి కింద రెండు జతల చక్రాలుండే చట్రం) ఎగిరి పక్కన దిగేది. పట్టా లెవెల్ సరిచేశాను. బోగీ స్క్రూ వదులు చేశాను. వ్యాగన్లో గులకరాళ్లు పోసి కూడా చూశాను, రాళ్లతో సహా పడింది. చివరికి కాలిపర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) పెడితే మూడు జతలు 40 చూపించాయి, నాలుగోది 38.4. చక్రాలు అలా దగ్గరగా ఉంటే వాటి లోపలి ముఖాలు చెక్ రైలును (పాయింటు దగ్గర చక్రం పక్కకి పోకుండా పట్టా పక్కనే ఉండే చిన్న పట్టీని) ఒరుసుకుని పైకెక్కేస్తాయి. దూరం ఎక్కువైతే ఇంకో తంటా. చెక్ రైలు చక్రాన్ని తన వైపు లాగి పట్టుకోలేదు, దాంతో అవతలి చక్రం అంచు వెళ్లి క్రాసింగ్ ముక్కుకి (రెండు దారుల పట్టాలు కలిసే మొనకి) కొట్టుకుంటుంది.

రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసిన మా పెదనాన్నకి ఫోన్లో ఈ గోడు వెళ్లబోసుకుంటే, "ముందు కొలత గేజి పెట్టి చూడరా, తర్వాత ఏడుద్దువుగాని" అన్నారు. మన బ్రాడ్‌గేజి బండ్లకి ఈ బ్యాక్-టు-బ్యాక్ దూరం 1600 మి.మీ. ఆయన జీవితమంతా ఆ కొలతతోనే గడిచింది.

సరిచేయడానికి సుత్తి ముట్టుకోవద్దు. చక్రాన్ని ఇరుసు మీద మెలితిప్పుతూ కొద్దికొద్దిగా జరపాలి. ఒక్క చోట కొలిచి ఊరుకోకుండా, చక్రం చుట్టూ మూడు చోట్ల చూడాలి. మూడు అంకెలూ కలవకపోతే చక్రం ఇరుసు మీద వంకరగా కూర్చుందన్నమాట. నా దగ్గర సరిగ్గా 40 మి.మీ.కి కోసిన చెక్కముక్క ఒకటుంది, రోజువారీ పనికి అదే చాలు.

అపోహ: కిర్రుమంటే నూనె వేయాలి

వేయండి, ఒక్క చుక్క, అదీ ప్లాస్టిక్‌కి హాని చేయదని రాసి ఉన్నదే. పెరట్లో నూనెకి దుమ్ము తోడైతే సాన పట్టే ముద్దలా తయారై, ఇరుసు కూర్చునే ప్లాస్టిక్ రంధ్రాన్ని తినేస్తుంది. ఒకాయన వ్యాగన్లకి కొబ్బరినూనె రాసి తెచ్చారు. చలికాలం అది ఇరుసు చుట్టూ పేరుకుని గడ్డకట్టి ఉంది! కరెంటు తీసుకోని మామూలు వ్యాగన్లకి నేను పొడి గ్రాఫైటే వాడతాను. మెత్తటి పెన్సిల్ ములుకు పొడి అయినా పనిచేస్తుంది. లైట్లున్న పెట్టెలకి మాత్రం వద్దు, గ్రాఫైట్ గుండా కరెంటు పారుతుంది.

అసలు సంగతేమిటంటే, వంపులో మాత్రమే వచ్చే కిర్రుకి చాలాసార్లు ఇరుసుతో పనే లేదు. బండి ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి పట్టా మీది చక్రం లోపలిదానికన్నా దాదాపు 28 సెం.మీ. ఎక్కువ దూరం పోవాలి. వంపు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉన్నాయి, మరి ఆ 28 సెం.మీ. ఎక్కణ్నుంచి వస్తుంది? ఏదో ఒక చక్రం జారాల్సిందే. అసలు రైళ్లలో చక్రం పట్టా మీద దొర్లే ముఖానికున్న వాలు ఈ తేడాని సర్దుతుంది. మన ఆర్1 (ఎల్‌జీబీ పట్టాల్లో అన్నిటికన్నా ఇరుకైనది) వంపు వ్యాసార్థం 600 మి.మీ. 1:22.5 స్కేలులో (అసలు రైలులో 22.5వ వంతు సైజు) అది అసలు రైలుకి 13.5 మీటర్లతో సమానం, మామూలు మీటర్‌గేజి రైలేదీ అంత ఇరుకులో తిరగదు. అంత పదును వంపులో 30 మి.మీ. చక్రానికి రెండు మి.మీ.కి పైగా వ్యాసం తేడా కావాలి, ఆ కాస్త వాలు అంత ఎక్కడిస్తుంది? అదే జారుడు పెద్ద వంపులో ఎక్కువ దూరం మీద పరుచుకుంటుంది కాబట్టి అంతగా వినిపించదు. చోటుంటే వంపు పెంచండి, నూనె సీసా పక్కన పెట్టండి.

అపోహ: మురికి పట్టిన చక్రాన్ని గరుకు కాగితంతో రుద్దాలి

వద్దు. పైపూత పోతుంది, ఆ గీతల్లోనే మళ్లీ మురికి దిగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డ చాలు. ప్లాస్టిక్ చక్రాలకి జిగురులా అంటుకున్న నల్లటి పొరని గోటితోనో అగ్గిపుల్లతోనో గీకితే వచ్చేస్తుంది.

అపోహ: మెటల్ చక్రాలన్నీ ఒకటే

పట్టాల్లో కరెంటు నడిపేవాళ్లకి ఈ పొరపాటు ఖరీదైనది. కనీసం ఒక చక్రానికైనా ఇరుసుకీ మధ్య ప్లాస్టిక్ బుష్ (కరెంటు దాటనివ్వని చిన్న తొడుగు) ఉండాలి, లేకపోతే ఆ జత పట్టా మీద పెట్టిన క్షణమే రెండు పట్టాలూ షార్ట్. కొత్త జత బిగించేముందు మల్టీమీటర్ ముళ్లు రెండు చక్రాలకీ ఆనించి చూడండి. బీప్ వస్తే పక్కన పెట్టేయండి. బోగీ ఫ్రేమ్ కూడా లోహందే అయి, జతలకి ఒకవైపే బుష్ ఉంటే, ఆ వైపులన్నీ ఒకే పక్కకి రావాలి. బ్యాటరీతోనో ఆవిరితోనో నడిపేవాళ్లకి ఈ బాధ లేదు, ప్లాస్టిక్ చక్రాలతోనూ హాయిగా నడుపుకోవచ్చు.

సైజు కూడా చూసుకోండి. 24 మి.మీ. చక్రం తీసి 30ది వేస్తే బండి 3 మి.మీ. లేస్తుంది, దాంతోపాటు కప్లరూ (పక్క బండికి తగిలించే కొక్కెం) లేస్తుంది. పక్క బండి కప్లర్‌తో సరిగా పట్టక, ఎత్తుపల్లాల దగ్గర రైలు రెండు ముక్కలవుతుంది. అందుకే నేను ముందు ఒక్క వ్యాగన్‌కే మార్చి, వారం రోజులు మిగతా బండ్లతో కలిపి తిప్పి, ఆ తర్వాతే మిగిలిన జతలకి ఆర్డర్ పెడతాను.