ఎక్స్‌టెన్షన్లు లేని సి కోడ్: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో కంట్రోలర్ బోర్డులు చేసి ఇస్తుంటాం. పలాస జీడిపప్పు డ్రయర్లకు వెళ్లేవి కూడా కొన్ని ఉంటాయి. ప్రాజెక్టుకని వచ్చే ఇంజనీరింగ్ పిల్లల నోట తరచూ వినే మాటలివి. సి స్టాండర్డ్‌లో లేకపోయినా కంపైలర్ చేసినవాళ్లు సొంతంగా చేర్చినవే ఎక్స్‌టెన్షన్లు.

అపోహ: స్టాండర్డ్ సి చాలు, ఎక్స్‌టెన్షన్లు బద్ధకస్తులకే.

వాస్తవం: 8051 అనే చిన్న కంట్రోలర్ చిప్‌లో బయటి పిన్నులను నడిపే రిజిస్టర్లుంటాయి; వాటిలో పోర్ట్ 1 అడ్రసు హెక్స్‌లో 90. పాయింటర్‌తో అక్కడ రాసి చూడండి. కంపైలర్ కిమ్మనదు, ఎల్ఈడీ మాత్రం వెలగదు. ఆ రిజిస్టర్లకు డైరెక్ట్ అడ్రసింగ్ (అడ్రసు ఆదేశంలోనే ఉండటం) ఒక్కటే దారి. పాయింటర్ వెళ్లేది ఇన్‌డైరెక్ట్‌గా. ర్యామ్ ఎక్కువున్న 8052 చిప్‌లో అయితే మీ విలువ అదే నంబరున్న ర్యామ్‌లోకి పోయి కూర్చుంటుంది. కీల్ అనే 8051 కంపైలర్‌లో ఎస్ఎఫ్ఆర్, ఎస్‌బిట్ అనే ఎక్స్‌టెన్షన్లు ఉన్నది ఇందుకే.

ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపించి చిప్‌ను పిలిచే సంకేతం) సంగతీ అంతే. మామూలు ఫంక్షన్ 'రెట్' అనే చిప్ ఆదేశంతో ముగుస్తుంది, ఇక్కడ కావాల్సింది 'రెటి'. దాన్ని పెట్టించేదీ ఎక్స్‌టెన్షనే. అది లేకపోతే ఇంటరప్ట్ పని ఇంకా అవలేదనే చిప్ అనుకుంటుంది. టైమర్ ఒక్కసారి పలికి ఊరుకుంటుంది. ఇక తప్పు ఎక్కడుందో తెలియక ఒకటే టెన్షన్.

అపోహ: ఆ ముక్కలు అసెంబ్లీలో రాసుకుంటే సరి.

వాస్తవం: రాయొచ్చు, ఎవరూ కాదనరు. కానీ కీల్ అసెంబ్లర్‌కు రాసింది ఎస్‌డీసీసీ అనే మరో కంపైలర్ అసెంబ్లర్ యథాతథంగా తీసుకోదు. తలనొప్పి పక్క ఫైల్లోకి మారిందంతే!

అపోహ: పెద్ద ప్రాజెక్టులు వీటి జోలికి పోవు.

వాస్తవం: లినక్స్ కెర్నల్ 2022లో, 5.18 వెర్షన్‌తో, గ్నూ89 నుంచి గ్నూ11కి మారింది. రెండూ గ్నూ ఎక్స్‌టెన్షన్లున్న సి రకాలే. అలాంటి ఎక్స్‌టెన్షనే అయిన టైపాఫ్‌ను (వేరియబుల్ టైపు చెప్పేది) సి23 స్టాండర్డ్‌లోకే తీసుకున్నారు.

అపోహ: ఒకసారి వాడితే ఆ కంపైలర్‌కే కట్టుబడిపోతాం.

వాస్తవం: ఎక్కడపడితే అక్కడ చల్లితే నిజమే. మేం అన్నిటినీ ఒకే హెడర్‌లో మాక్రోలుగా పెడతాం. కంపైలర్ మారితే ముందు ముట్టుకునేది ఆ ఫైలునే. డ్రయర్ వేడి లెక్కలు మామూలు సిలోనే ఉంటాయి, ల్యాప్‌టాప్‌లోనే టెస్ట్ చేసుకోవచ్చు.

అపోహ: ఎక్స్‌టెన్షన్ లేకపోతే కోడ్ ఎక్కడైనా నడుస్తుంది.

వాస్తవం: 200ని 200తో గుణించి ఇంట్‌లో పెట్టండి. ల్యాప్‌టాప్‌లో 40,000 వస్తుంది. 8051 కంపైలర్లలో ఇంట్ 16 బిట్లే, 32,767 దాటి పట్టదు. ఇందులో ఎక్స్‌టెన్షన్ ఒక్కటీ లేదు, స్టాండర్డ్ దాటితే హెచ్చరించే పెడాంటిక్ ఆప్షన్ పెట్టినా ల్యాప్‌టాప్‌లో వార్నింగ్ రాదు.