ఠాణా కలిపేస్తే ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు? సరిహద్దు పల్లెల అపోహలు, వాస్తవాలు

ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న ఒడిశా పట్నం పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్ళుగా వకీలు వృత్తిలో ఉన్నాను. గడచిన రెండు నెలల్లో పల్లెల నుంచి నా దగ్గరికి వచ్చినవారిలో సగం మంది ఒకే రకం కాగితం పట్టుకుని వచ్చారు. తమ ఊరి పోలీసు ఔట్‌పోస్టును ఎత్తివేసి పట్నం ఠాణాలో కలపవద్దని కలెక్టరుకూ, ఎస్పీకీ రాసిన అర్జీ అది. ఏ ఉత్తర్వు చూసి రాశారని అడిగితే ఒక్కరూ చూపలేకపోయారు. ఫోనులో ఎవరో పంపిన వాయిస్ మెసేజి వినిపించారు. అందులో మాట్లాడే పెద్దమనిషి ఒక తేదీ గానీ, ఉత్తర్వు నంబరు గానీ చెప్పడు. గొంతు మాత్రం బాగా పెంచుతాడు. అలాంటి మెసేజిలంటే నాకు ఒళ్ళు మంట. కానీ వాటిని విని నిద్రపట్టక వచ్చినవారి భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోలేను. వానాకాలంలో గెడ్డ పొంగితే పట్నానికి దారి తెగిపోయే ఊళ్ళవి.

అన్నిటికన్నా ఎక్కువ గోల పుట్టించే అపోహను ముందే తేల్చి పక్కన పెడతాను. రెండు రాష్ట్రాల పోలీసులను కలిపేసి మనల్ని ఆంధ్రా ఠాణా కిందకు తోసేస్తారన్నది ఆ అపోహ. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం. తన ఠాణాల హద్దులను రాష్ట్ర ప్రభుత్వం మార్చుకోవచ్చు గానీ, తనంతట తాను తన ఊళ్ళను పక్క రాష్ట్రపు పోలీసులకు అప్పగించలేదు. రాష్ట్ర సరిహద్దు జరగాలంటే మూడో అధికరణం కింద పార్లమెంటు చట్టం చేయాలి. ఒడిశా, ఆంధ్రా రెండూ తమవేనంటున్న కొటియా ఊళ్ళ తగాదా 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఇన్నేళ్ళలో అక్కడ రెండు రాష్ట్రాల అధికారులూ తిరిగారే తప్ప రెండు పోలీసు దళాలు ఒకటి కాలేదు. గంజాయి రవాణా గురించి ఇరువైపుల ఎస్పీలు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే దాన్ని సమన్వయ సమావేశం అంటారు. ఇక పొలం పట్టా, కుల ధ్రువపత్రం తహసిల్దారు చేతిలోవి కనుక, ఠాణా మారినా వాటికేమీ కాదు.

మనుషులను నిజంగా ముంచుతున్న అపోహ వేరే ఉంది. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగిందో ఆ ఠాణాలోనే ఫిర్యాదు ఇవ్వాలని, పరిధి తేలేదాకా ఎవరూ తీసుకోరని మన ప్రాంతంలో చదువుకున్నవారు కూడా గట్టిగా నమ్ముతారు. ఠాణాలు కలుస్తాయన్న పుకారు ఈ నమ్మకానికి తోడయ్యేసరికి, ఏ హద్దు ఏమవుతుందో తెలిశాక ఇద్దామని ఫిర్యాదును ఇంట్లోనే దాచుకునే పరిస్థితి వచ్చింది.

నిరుడు కాశీనగర్ వైపు నుంచి ఒక కొబ్బరికాయల వ్యాపారి వచ్చాడు. ఆంధ్రా వైపు సంతలో సరుకు అమ్మి చీకటి పడ్డాక తిరిగి వస్తుంటే, ఇద్దరు దారి కాచి కొట్టి, నడుముకు కట్టుకున్న డబ్బూ, ఫోనూ లాక్కుపోయారు. ఆ రాత్రే దగ్గరి ఠాణాకు వెళ్తే ‘మీది ఒరిస్సా, అక్కడికే పోయి ఇచ్చుకోండి’ అన్నారు. తెల్లవారి ఇవతలి ఠాణాకు వస్తే ‘జరిగింది అవతల, మా పరిధి కాదు’ అన్నారు. మూడో రోజున ఊరి పెద్దలు కలగజేసుకుని, మన ఔట్‌పోస్టు పట్నంలో కలిసిపోతోందట, కొత్త ఠాణాబాబు వచ్చాక ఇద్దాం, తొందరపడకు అని సలహా చెప్పారు. పదకొండు రోజులు గడిచాక నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి దారిలోని పెట్రోలు బంకు కెమెరాలో ఆ రాత్రి రికార్డు చెరిగిపోయింది. దెబ్బలు మానిపోయి, ఆసుపత్రి చీటీ ఒక్కటే మిగిలింది. దాన్ని రేషను కార్డుతో పాటు పాలిథిన్ సంచిలో నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను, నేరం ఏ ప్రాంతంలో జరిగినా సరే ఠాణా అధికారికి సమాచారం ఇవ్వవచ్చని స్పష్టంగా చెబుతోంది. మనం జీరో ఎఫ్‌ఐఆర్ అని పిలిచేది దీన్నే. తీసుకున్న ఠాణా దాన్ని నమోదు చేసి, పరిధి గల ఠాణాకు పంపాలి; ఆ పంపే బాధ్యత పోలీసులది, దెబ్బలు తిన్నవాడిది కాదు. ఇది కేంద్ర చట్టం కాబట్టి పోలీసులు రెండు రాష్ట్రాలవారైనా గెడ్డకు ఇవతలా అవతలా ఇదే వర్తిస్తుంది. కాగ్నిజబుల్ నేరమని, అంటే వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరమని, సమాచారంలో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లోనే లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మూడేళ్ళు మొదలుకొని ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వెసులుబాటు కొత్త చట్టం ఇచ్చింది. దోపిడీకి పదేళ్ళ దాకా, చీకటి పడ్డాక రహదారి మీద చేస్తే పద్నాలుగేళ్ళ దాకా శిక్ష ఉంది కనుక ఆ వెసులుబాటు దానికి వర్తించదు. రాసుకున్న ఫిర్యాదును చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే సారాంశాన్ని రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. అత్యాచారం, మనుషుల అక్రమ రవాణా వంటి కొన్ని నేరాల్లో సమాచారం నమోదు చేయని అధికారికే జైలుశిక్ష పడేలా భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షను ఉంది.

ఆ వ్యాపారి విషయంలో ఎస్పీకి రిజిస్టరు పోస్టు పంపిన ఆరో రోజున ఎఫ్‌ఐఆర్ అయింది. కాపీ తెచ్చి నా బల్లమీద పెట్టి, నంబరు మీద వేలు ఆనించి, ‘సున్నా ఎట్టారేటి బాబూ, అంటే మన కేసు సున్నాయేనా?’ అని అడిగాడు. నవ్వు ఆపుకుని, అవతలి ఠాణాకు చేరాక దానికి అసలు నంబరు పడుతుందని చెప్పాను. పడింది కూడా. ఫోను దొరికింది, డబ్బు దొరకలేదు. పదకొండు రోజులు ఎందుకు ఆలస్యమైందన్న ప్రశ్నను రేపు ఎదుటి పక్షం వకీలు వేస్తాడు. నేను ఆ పక్షాన ఉన్నా అదే వేస్తాను.

ఠాణా కలిసిపోతే పాత కేసులు కొట్టుకుపోతాయన్నది మరో భయం. పోవు, కొత్తగా వచ్చిన దర్యాప్తు అధికారి పాతవారు ఆపిన చోటి నుంచి కొనసాగిస్తారు. అయితే ఇందులో భయపడేవారి మాటకూ కొంత బలం ఉందని ఒప్పుకోవాలి. మెజిస్ట్రేట్ల పరిధిని ఆచరణలో ఠాణాల వారీగానే విడదీస్తారు కనుక, మీ ఊరు వేరే మెజిస్ట్రేటు కింద ఉన్న ఠాణాలో కలిస్తే ముందుముందు కోర్టు వాయిదాలకు వెళ్ళే ఊరు మారవచ్చు. బస్సు ఖర్చు, కూలి పోయిన రోజు, సాక్షిని బతిమాలి తీసుకెళ్ళడం, ఇవన్నీ అర్జీలో రాయదగిన విషయాలు. నా దగ్గరికి వచ్చిన అర్జీల్లో ఇవేవీ లేవు. ‘మా గౌరవానికి భంగం’ అన్న మాట మాత్రం ప్రతిదాంట్లోనూ ఉంది.

విలీనాన్ని వ్యతిరేకించేవాళ్ళంతా అభివృద్ధికి అడ్డుపడేవాళ్ళని పట్నంలో కొందరు అంటుంటారు. అదీ అపోహే. స్కాట్లండులో 8 ప్రాంతీయ పోలీసు దళాలను 2013 ఏప్రిల్ 1న ఒకటి చేశారు. ఆ తరువాత స్థానిక కంట్రోల్ రూములను కొన్ని మూసి కాల్ సెంటర్లను కుదించారు. 2015 జూలైలో రోడ్డు పక్క కారు పడి ఉందని ఒకరు ఫోను చేస్తే, ఆ కబురును కంప్యూటరులో ఎక్కించలేదు. మూడు రోజుల తరువాత వెళ్ళి చూస్తే కారులో ఒకరు చనిపోయి ఉన్నారు, కొనప్రాణంతో ఉన్న రెండోవారు ఆసుపత్రిలో చనిపోయారు. ఆ దళం 2021లో కోర్టులో తప్పు ఒప్పుకుని లక్ష పౌండ్ల జరిమానా కట్టింది. అటు ఇంగ్లండు, వేల్సులలోని 43 దళాలను తగ్గించాలన్న ప్రతిపాదనను వ్యతిరేకత మధ్య 2006లో వదులుకున్నారు. కాబట్టి ‘ఫోను ఎవరు ఎత్తుతారు, ఎత్తినవారికి మా ఊరు తెలుసా’ అని అడగడం మూర్ఖత్వం కాదు. పాతపట్నం దారిలో ఒక రాత్రి లారీ బోల్తా పడితే 112కు నేనే ఫోను చేశాను. ఒడిశా నేల మీద నిలబడి ఉన్నా నా ఫోను అవతలి టవరును పట్టుకోవడంతో ఆంధ్రా కంట్రోల్ రూము పలికింది. ఏ జిల్లా, ఏ మండలం అని అడుగుతుంటే, మాకు మండలాలు ఉండవండీ, బ్లాకులుంటాయి అని చెప్పేసరికే రెండు నిమిషాలు పోయాయి.

రోడ్డు మీద చెట్లు పడేసి కూర్చుంటే ప్రభుత్వం దిగివస్తుందనే కుర్రాళ్ళకు ఒక్క మాట. కేసు పడితే ముందు ఆగేది మీ పాస్‌పోర్టే. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుండటం పాస్‌పోర్టు నిరాకరణకు చట్టం చెప్పిన కారణాల్లో ఒకటి.

కిందటి సోమవారం ఒక ఊరి పెద్దాయనతో కూర్చుని అర్జీని మళ్ళీ రాశాం. ఔట్‌పోస్టు నుంచి పట్నం ఠాణాకు ఎన్ని కిలోమీటర్లు, చివరి బస్సు ఎన్నింటికి, ఏ నెలల్లో గెడ్డ దాటలేం, ఊరి గ్రామరక్షి ఇకపై ఎవరికి కబురు చెప్పాలి, రాత్రి కాపలా ఉంటుందా, ఒడియా రాని ముసలివాళ్ళ మాట తెలుగులో వినేవాళ్ళు ఉంటారా అన్నవి వరుసగా రాయించాను. అంతా అయ్యాక ఆయన కళ్ళజోడు సవరించుకుని, ‘గౌరవానికి భంగం అన్న ముక్క కూడా అడుగున ఉంచండి బాబూ, ఊళ్ళో చదివి వినిపించాలి కదా’ అన్నాడు. ఉంచాను. ముద్ర వేయించిన కాపీ ఒకటి నా దగ్గరే ఉంది.