కెమెరా మిగిలింది, రీలే కరువైంది

మా మేనమామ తెనాలిలో ఫొటో స్టూడియో నడిపిన రోజుల్లో వాడిన పెంటాక్స్ కె1000 రెండేళ్ల కిందట నా చేతికొచ్చింది. చిన్నప్పుడు దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఎప్పుడైనా మూత తీసి చూస్తే, "లెన్స్‌కి మూత పెట్టరా, బ్యాటరీ అయిపోతుంది" అని కేకేసేవాడు. మూతకీ బ్యాటరీకీ సంబంధమేంటో అప్పట్లో నాకు అర్థం కాలేదు. కె1000లో వెలుగుని కొలిచే లైట్ మీటర్ ఆపడానికి స్విచ్ ఉండదు. లెన్స్ మీద వెలుగు పడుతున్నంతసేపూ మీటర్ పనిచేస్తూనే ఉంటుంది. దాని స్విచ్ ఆ మూతే.

వెనక తలుపు తెరిచి చూస్తే, వెలుగు లోపలికి రాకుండా అంచుల్లో పెట్టిన ఫోమ్ కరిగి తారులా వేళ్లకి అంటుకుంది. లెన్స్ లోపల సాలెగూడు పోగుల్లా ఫంగస్ పట్టింది. మన కోస్తా ఉక్కపోతలో, తోలు కవర్లో ఏళ్ల తరబడి మూసిపెట్టిన లెన్సుకి అది తప్పదు. కానీ లీవర్ తిప్పి బటన్ నొక్కితే, బ్యాటరీ లేకుండానే షట్టర్ టక్కున కొట్టుకుంది. ఈ మోడల్ 1976లో మొదలై 1997 దాకా తయారైంది.

ఇప్పుడు చాలామంది కుర్రకారు ఇలాంటి కెమెరాల కోసం ఇళ్లల్లో అటకలు వెతుకుతున్నారు. కెమెరా దొరకడం పెద్ద కష్టమేమీ కాదు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఒకప్పుడు వంద రూపాయలకు అటూ ఇటూగా దొరికిన 36 ఫొటోల కలర్ రీలు ఇవాళ వెయ్యి దాటింది. కడిగించాలంటే చాలా ఊళ్లవాళ్లు వేరే నగరానికి కొరియర్ చేయాలి. రిపేరు చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. యంత్రం చెక్కుచెదరకుండా ఉండి, దాని చుట్టూ ఉన్న పనులన్నీ ఎలా మాయమయ్యాయన్నది తెలియకుండా ఈ దారిలోకి వస్తే నిరాశే మిగులుతుంది.

కె1000 లాంటి కెమెరాలను ఎస్ఎల్ఆర్ అంటారు, అంటే చూడ్డానికీ ఫొటో తీయడానికీ ఒకే లెన్స్ ఉన్నవి. వాటి గొప్పతనమంతా ఒక చిన్న అద్దంలో ఉంది. లెన్స్‌లోంచి వచ్చే వెలుగును ఆ అద్దం పైకి మళ్లిస్తుంది. అందుకే ఫిల్మ్ ఏం చూడబోతోందో మన కన్నూ అదే చూస్తుంది. 35 ఎం.ఎం. ఫిల్మ్‌తో ఆ పని చేసిన తొలి కెమెరాల్లో పేరున్నది, జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1936లో వచ్చిన కినె ఎగ్జాక్టా. దాన్ని నడుము దగ్గర పట్టుకుని కిందికి చూడాలి, బొమ్మ కుడి ఎడమలు మారి కనిపిస్తుంది. 1949లో వచ్చిన కాంటాక్స్ ఎస్ కెమెరా, తన పైభాగంలో పెంటాప్రిజం అనే గాజు పట్టకం పెట్టి, కంటి ఎత్తులో బొమ్మను సరిగ్గా చూపించింది. అప్పటికీ ఒక తలనొప్పి మిగిలింది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి అక్కడే ఉండిపోయేది, మళ్లీ ఫిల్మ్ తిప్పేదాకా అంతా చీకటే. 1954లో జపాన్‌లోని అసాహి కంపెనీ తన అసాహిఫ్లెక్స్ 2బిలో అద్దం దానంతటదే కిందికి దిగేలా చేసింది. 1957లో అసాహి పెంటాక్స్, 1959లో నికాన్ ఎఫ్ వచ్చాయి. దాంతో ఈ రంగం జర్మనీ చేతిలోంచి జపాన్‌కి మారిపోయింది. నికాన్ ఎఫ్‌తో మొదలైన లెన్స్ మౌంట్ (లెన్సుని కెమెరాకి బిగించే అమరిక) డిజిటల్ ఎస్ఎల్ఆర్‌ల దాకా నడిచింది.

పాత కెమెరా కొనాలనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన ఏడాది 1976. కె1000 వచ్చిన ఆ ఏడాదే కానన్ ఏఈ-1 కూడా వచ్చింది. అందులో మైక్రోప్రాసెసర్ ఉంది, సగం పని అదే చూసుకుంటుంది. కానీ బ్యాటరీ లేకపోతే షట్టర్ కదలదు, సర్క్యూట్ పోతే దాదాపు కెమెరా పోయినట్టే. కె1000లో బ్యాటరీ మీటర్‌కి మాత్రమే, తక్కినదంతా స్ప్రింగులూ పళ్లచక్రాలూ. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2ది కూడా ఇదే పద్ధతి, పైగా దాని షట్టర్ సెకనులో 4000వ వంతు దాకా వెళ్తుంది. తర్వాత 1985లో మినోల్టా 7000 ఆటోఫోకస్ తెచ్చింది. 1987లో కానన్ కొత్త మౌంట్‌కి మారిపోయి పాత ఎఫ్‌డి లెన్సులను వదిలేసింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను మెకానికల్ కెమెరానే చెబుతాను. ఏఈ-1కి పేరు ఎక్కువ, కానీ బాగుచేసే అవకాశం ఎక్కువున్నది కె1000కే.

మన దేశంలో ఇవన్నీ ఖరీదైన దిగుమతి సరుకు. గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చే బంధువు తెస్తే ఉన్నట్టు. సోవియట్ జెనిత్ కొంతమందికి అందింది. మామూలు ఇళ్లల్లో కనిపించింది మాత్రం మన దగ్గరే తయారైన ఆగ్ఫా క్లిక్-3 డబ్బా కెమెరా. ఫిల్మ్ విషయంలో ప్రభుత్వం పెద్ద అడుగే వేసింది. 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను పెట్టి, ఊటీలో ఫ్యాక్టరీ కట్టింది. 1967లో ఉత్పత్తి మొదలైంది. 'ఇందు' పేరుతో బ్లాక్ అండ్ వైట్ రీళ్లు, ఫొటో పేపర్, ఆసుపత్రులకు ఎక్స్‌రే ఫిల్మ్ అక్కడి నుంచే వచ్చేవి. కలర్ యుగం వచ్చాక ఆ సంస్థ నష్టాల్లో కూరుకుపోయింది, చివరికి మూతపడింది. ఇవాళ మనం కెమెరాలో వేసే ప్రతి రీలూ విమానమో ఓడో ఎక్కి రావాల్సిందే. ధర గురించి బాధపడేటప్పుడల్లా నాకు ఊటీయే గుర్తొస్తుంది.

డిజిటల్ దెబ్బ ఒక్కరోజులో పడింది కాదు. కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా చేసి చూపించాడు. అది మార్కెట్‌ని ఊడ్చేయడానికి పాతికేళ్ల పైనే పట్టింది. కానీ కూలడం మొదలయ్యాక ఏదీ ఆగలేదు. 2004లో బ్రిటన్‌లో ఫిల్మ్ కంపెనీ ఇల్ఫర్డ్ దివాలా అంచుకు వెళ్తే, అక్కడి మేనేజర్లే కొనుక్కుని హార్మన్ టెక్నాలజీగా నిలబెట్టారు. 2006లో నికాన్ ఎఫ్6, ఎఫ్ఎం10 తప్ప తక్కిన ఫిల్మ్ ఎస్ఎల్ఆర్‌లను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2009లో కొడాక్ వారి కలర్ ఫిల్మ్ కొడాక్రోమ్ ఆగిపోయింది. ఆఖరి రీలును కొడాక్ ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెకర్రీకి ఇచ్చింది. అందులో కొన్ని ఫొటోలు ఆయన మన రాజస్థాన్‌లో తీశాడు. 2012 జనవరిలో కొడాకే దివాలా పిటిషన్ వేసింది. మా మామ అంతకు ముందే డార్క్ రూమ్ ఖాళీ చేసి, ఫొటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్‌ని పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేశాడు. కెమెరాని మాత్రం అమ్మలేదు.

అన్నీ పోయినా ఫిల్మ్ ఎందుకు మిగిలింది? నా లెక్కలో ఇందులో ఎక్కువ భాగం సినిమా చలవే. అమెరికాలో రోచెస్టర్‌లోని కొడాక్ ప్లాంటులో స్టిల్ ఫిల్మ్‌కీ సినిమా ఫిల్మ్‌కీ పూత వేసేది ఒకే యంత్రాల మీద. అవి కిలోమీటర్ల పొడవు ఫిల్మ్ తీయడానికి కట్టిన యంత్రాలు. మన లాంటి వాళ్లు కొనే కొద్దిపాటి రీళ్ల కోసం వాటిని నడపడం గిట్టుబాటు కాదు. సినిమాలన్నీ డిజిటల్‌కి మళ్లాక ఆ ప్లాంటుకీ ముప్పు వచ్చింది. అప్పుడు కొందరు హాలీవుడ్ దర్శకులు పట్టుబట్టడంతో, పెద్ద స్టూడియోలు ఏటా కొంత ఫిల్మ్ కొంటామని 2015లో కొడాక్‌తో ఒప్పందం చేసుకున్నాయి. ప్లాంటు ఆ గండం గట్టెక్కింది.

తర్వాత గాలి మారింది. 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ ఫిల్మ్‌ని కొడాక్ 2018లో మళ్లీ తెచ్చింది. ఫూజీ ఆపేసిన అక్రోస్ ఫిల్మ్, 2019లో అక్రోస్ 2గా తిరిగొచ్చింది. 2023 చివర్లో హార్మన్ ఫీనిక్స్ అనే కొత్త కలర్ ఫిల్మ్ చేసింది. 2024లో పెంటాక్స్ 17 పేరుతో సరికొత్త ఫిల్మ్ కెమెరా వచ్చింది. అది ఎస్ఎల్ఆర్ కాదు, ఒక ఫ్రేమ్ చోటులో రెండు ఫొటోలు తీసే చిన్న కెమెరా. రీలు ధర చూసినవాళ్లకి ఆ 'రెండు' విలువేంటో వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఉన్న చుట్టాలతో రీళ్లు తెప్పించుకోవడం మన ఇళ్లల్లో మామూలైంది. వాటిని చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దని తప్పకుండా చెప్పండి. ఆ ఎక్స్‌రేలకు ఫిల్మ్ పాడవుతుంది. ఇప్పుడు కొన్ని విమానాశ్రయాల్లో హ్యాండ్ బ్యాగులకు కూడా సీటీ స్కానర్లు వచ్చాయి, అవీ ప్రమాదమే. రీళ్లను విడిగా కవర్లో పెట్టి, చేత్తో చెక్ చేయమని అడగాలి.

బ్యాటరీ సంగతి మరొకటి. 1960, 70ల్లో చాలా కెమెరాల మీటర్లను 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలకు తగ్గట్టు చేశారు. ఆరోగ్యానికి హాని కాబట్టి అవి ఆగిపోయాయి. వాటి చోట 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే చాలా మీటర్లు వెలుగుని ఎక్కువ చేసి చూపిస్తాయి, ఫొటోలు చీకటిగా వస్తాయి. వినికిడి యంత్రాల్లో వాడే జింక్-ఎయిర్ బ్యాటరీ దగ్గరగా సరిపోతుంది. కె1000కి ఈ బెడద లేదు, మామూలు బటన్ సెల్ చాలు.

నా మొదటి రీలు పూర్తిగా పోయింది. 36 ఫొటోలు తీశాననుకున్నాను, కడిగిస్తే ఒక్క బొమ్మా లేదు. ఫిల్మ్ కొస, దాన్ని చుట్టుకునే స్పూల్‌లోంచి జారిపోయి, రీలు అసలు కదల్లేదు. అందులో మా అమ్మమ్మ ఫొటోలు ఉండాల్సింది. కోఠిలో కెమెరా బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ముందు ఫోమ్ అంతా స్పిరిట్‌తో తుడిచి కొత్తది అంటించారు. తర్వాత పాత ఫిల్మ్ ముక్క వేసి, నా చేతే లీవర్ తిప్పించి, "ఇటు చూడు బాబూ" అంటూ ఎడమవైపు రివైండ్ నాబ్ చూపించారు. లీవర్ తిప్పినప్పుడల్లా ఆ నాబ్ కూడా వెనక్కి తిరగాలి. అది తిరగలేదంటే లోపల ఫిల్మ్ నడవట్లేదని అర్థం.

ఆయన బల్ల సొరుగు నిండా విడదీసిన కెమెరాల భాగాలే. కంపెనీ విడిభాగాలు ఆపేసి చాలా ఏళ్లయింది, ఒక కెమెరా బతకాలంటే ఇంకో కెమెరా భాగం కావాలి. పని నేర్చుకోవడానికి ఎవరైనా వస్తున్నారా అని అడిగాను. ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్లు ఆదివారాలు వస్తున్నారట. నేను వెళ్లిన రోజు ఆదివారం కాదు. మళ్లీ ఆదివారమే రమ్మన్నారు, లెన్స్‌లో ఫంగస్ శుభ్రం చేయడం వాళ్లకి నా కెమెరా మీదే చూపిస్తానన్నారు.