పండగ పూట యజమానికి తీరిక ఉండదు: స్టార్‌గేట్ అభిమానుల కినుక వెనక కథ

2022 జూలై 27న ‘స్టార్‌గేట్ ఎస్‌జీ-1’ అనే అమెరికన్ టీవీ సిరీస్‌కు పాతికేళ్లు నిండాయి. పది సీజన్లు, 214 ఎపిసోడ్లు, దాని కడుపున పుట్టిన మరో రెండు సిరీస్‌లు, నేరుగా డీవీడీ మీద విడుదలైన రెండు సినిమాలు. ఇంత ఆస్తి ఉన్న ఇంట్లో పాతికేళ్ల పండగంటే కాస్త హడావిడి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కొత్త సిరీస్ ప్రకటన రాలేదు. పాత నటులంతా ఒక్కచోట కూర్చుని కబుర్లు చెప్పుకునే టీవీ స్పెషల్ కూడా రాలేదు. అభిమానులే పాత ఎపిసోడ్లు మళ్లీ పెట్టుకుని చూసుకున్నారు. చూస్తూ తిట్టుకున్నారు.

కేక్ కోయలేదన్న అలకే కదా అని దీన్ని తీసిపారేయడం తేలిక. హీరో పుట్టినరోజుకు పాత సినిమా రీ-రిలీజ్ చేయించుకుని థియేటర్లో కాగితాలు ఎగరేసే మన దగ్గర ఈ బాధ గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే స్టార్‌గేట్ విషయంలో అలక ఒక్క ఏడాదిది కాదు. పదో ఏడు, పదిహేనో ఏడు, ఇరవయ్యో ఏడు, పాతికో ఏడు... దాదాపు ప్రతిసారీ ఇదే తంతు. ప్రేక్షకులు కరువై ఇలా జరిగిందని నేననుకోను. పండగ వచ్చినప్పుడల్లా దాదాపుగా యజమాని ఏదో ఒక తలనొప్పిలో ఉన్నాడు.

అసలు కథ 1994 అక్టోబరులో సినిమాతో మొదలైంది. ఈజిప్టు తవ్వకాల్లో ఒక పెద్ద లోహపు చక్రం దొరుకుతుంది, అదే స్టార్‌గేట్. దాని మీద 39 గుర్తులు. వాటిలో ఏడింటిని సరైన వరుసలో తిప్పితే చక్రం మధ్యలో నీటి తెరలాంటిది తెరుచుకుంటుంది, అందులోకి అడుగేస్తే ఇంకో గ్రహం మీద తేలతారు. ఆరు గుర్తులు గమ్యాన్ని చెబుతాయి, ఏడోది బయల్దేరిన చోటు. ఫోన్ నంబరు తిప్పినంత సులువుగా అర్థమయ్యే ఈ లెక్కే స్టార్‌గేట్‌కు పెట్టుబడి. దర్శకుడు రోలాండ్ ఎమ్మెరిక్, ఆయనతో కలిసి కథ రాసిన డీన్ డెవ్లిన్ దీన్ని మూడు సినిమాలుగా తీయాలనుకున్నారు. హక్కులున్న ఎంజీఎం స్టూడియో మాత్రం టీవీ వైపు మొగ్గింది. ఆ రోజే ఇంట్లో గోడ లేచింది. ఒకవైపు సినిమా తీసినవాళ్లు, ఇంకోవైపు టీవీ వాళ్లు. ఈ గోడ తర్వాత ఎంత పని చేసిందో ముందు ముందు తెలుస్తుంది.

టీవీ సిరీస్‌ను బ్రాడ్ రైట్, జొనాథన్ గ్లాస్నర్ రూపొందించారు. షూటింగ్ కెనడాలోని వాంకూవర్‌లో. 1997లో షోటైమ్ చానల్లో మొదలై, ఐదు సీజన్ల తర్వాత అక్కడ ఆగిపోతే, 2002లో సై-ఫై చానల్ చేరదీసింది. ‘మెక్‌గైవర్’ టీవీ సిరీస్ హీరోగా పేరు తెచ్చుకున్న రిచర్డ్ డీన్ ఆండర్సన్ ఇందులో కల్నల్ జాక్ ఓనీల్. ఎంత ప్రమాదం ముంచుకొచ్చినా ఒక వెటకారం విసరనిదే కదలని మనిషి. సిరీస్ నిలదొక్కుకోవడానికి సగం కారణం ఆ వెటకారమే. గ్రహాంతరవాసులు దేవుళ్ల వేషం కట్టి ఊళ్లను బానిసల్ని చేసుకునే బరువైన కథకు అది గాలి ఆడించింది.

దీని ప్రభావం ఎంతవరకు వెళ్లిందో చెప్పడానికి ఒక తలుపు చాలు. కథలో స్టార్‌గేట్ ఉండేది కొలరాడోలోని షయెన్ మౌంటెన్ అనే సైనిక స్థావరం అడుగున. స్థావరం నిజంగానే ఉంది, కొండను తొలిచి కట్టారు. అందులో చీపుర్లూ తుడిచే సామాన్లూ పెట్టుకునే ఒక గది తలుపు మీద అక్కడి సిబ్బంది ‘స్టార్‌గేట్ కమాండ్’ అని బోర్డు తగిలించారు. సరదా అక్కడితో ఆగలేదు. అమెరికా వైమానిక దళాధిపతులుగా పనిచేసిన జనరల్ మైఖేల్ రయన్, జనరల్ జాన్ జంపర్ ఇద్దరూ పదవిలో ఉండగానే తమ సొంత పేర్లతో సిరీస్‌లో కనిపించారు. వైమానిక దళాన్ని బాగా చూపించాడని 2004లో ఆండర్సన్‌కు గౌరవ బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చారు. సైన్యం ఇంతగా నెత్తిన పెట్టుకున్న సిరీస్‌ను సొంత స్టూడియో పట్టించుకోకపోవడమే వింత.

2006 ఆగస్టు 18న 200వ ఎపిసోడ్ ప్రసారమైంది. పేరు కూడా ‘200’ అనే. తమను తామే ఆటపట్టించుకుంటూ, చివరికి తోలుబొమ్మలతో సహా వేషాలన్నీ వేసి నవ్వించారు. పండగ వంటకాల వాసన ఇంకా పోకముందే, కొద్ది రోజుల్లోనే, సిరీస్ ఆపేస్తున్నట్టు చానల్ చెప్పేసింది. అమెరికాలో చివరి ఎపిసోడ్ 2007 జూన్‌లో వచ్చింది. అంటే పదేళ్లు నిండేది ఇంకో నెలలో అనగా.

అప్పటికి ‘స్టార్‌గేట్ అట్లాంటిస్’ నడుస్తోంది, 2004 నుంచి. ఇంకో నక్షత్రమండలానికి వెళ్లాలంటే ఏడు గుర్తులు చాలవు, ఎనిమిదోది కావాలి అన్నది దాని ఆధారం. సరిగ్గా 100 ఎపిసోడ్లకు, 2009 జనవరిలో దాన్నీ ఆపారు. ఒక సినిమాతో కథ ముగిస్తామన్నారు, తీయలేదు. దాని స్థానంలో 2009 అక్టోబరులో ‘స్టార్‌గేట్ యూనివర్స్’ వచ్చింది. ఈసారి తొమ్మిదో గుర్తు, విశ్వం అంచుల్లో తనంతట తానే సాగిపోయే పురాతన ఓడ, అందులో చిక్కుకుపోయిన జనం. నవ్వులు తగ్గించి చీకటి పెంచారు. తమ అట్లాంటిస్‌ను తీసేసి ఇది పెట్టారన్న కోపంతో చాలామంది పాత ప్రేక్షకులు మొహం తిప్పుకున్నారు. నా మటుకు నాకు మూడింట్లోనూ రెండో సీజన్లో బాగా పుంజుకున్న సిరీస్ ఇదే. పుంజుకునేసరికి తలుపులు మూసుకున్నాయి.

2010 నవంబరులో ఎంజీఎం దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. మరుసటి నెలలోనే యూనివర్స్‌ను ఆపుతున్నట్టు చానల్ ప్రకటించింది. 2011 మే 9న వచ్చిన ఆఖరి ఎపిసోడ్లో ఓడలోని వాళ్లంతా మూడేళ్ల దీర్ఘనిద్ర కోసం గాజు పెట్టెల్లోకి వెళ్తారు. పెట్టె ఒకటి తక్కువైంది. ఈలై వాలెస్ అనే కుర్రాడు మెలకువగా మిగిలిపోతాడు. పాడైన పెట్టెను బాగుచేసుకోవడానికి అతనికున్నది రెండు వారాల గాలి. బాగుచేసుకున్నాడా? ఆ ప్రశ్నకు తెర మీద ఇప్పటికీ జవాబు లేదు. తీయాల్సిన సినిమాలన్నీ అటకెక్కాయి. సెట్లు విప్పేశారు. అభిమానులు వార్షికోత్సవం అన్నప్పుడల్లా అడిగేది నిజానికి ఈ బాకీ గురించే.

2012లో పదిహేనేళ్లు నిండేనాటికి స్టూడియో అప్పుల నుంచి తేరుకునే పనిలో ఉంది. 2014లో కాస్త కదలిక వచ్చింది, అదీ గోడ అవతల. ఎంజీఎం, వార్నర్ బ్రదర్స్ కలిసి ఎమ్మెరిక్‌తో మూడు కొత్త సినిమాలు తీస్తామన్నాయి. కథ మొదటి నుంచి మొదలెడతారట. అంటే పదిహేడు సీజన్లపాటు టీవీలో అల్లిన 354 ఎపిసోడ్ల ప్రపంచం లెక్కలోకి రాదన్నమాట. టీవీ అభిమానులకు ఇది గోరుచుట్టు మీద రోకలిపోటు. 2016 వచ్చేసరికి ఆ సినిమాలూ నీరుగారిపోయాయి.

ఒక్క 2017లో మాత్రం స్టూడియో ఇరవయ్యేళ్ల పండగను గుర్తుపెట్టుకుంది. శాన్‌డియాగోలో ఏటా జరిగే అభిమానుల జాతర కామిక్-కాన్‌లో ఆర్భాటంగా ‘స్టార్‌గేట్ కమాండ్’ అనే సొంత స్ట్రీమింగ్ వేదికనూ, ‘స్టార్‌గేట్ ఆరిజిన్స్’ అనే వెబ్ సిరీస్‌నూ ప్రకటించింది. 20 డాలర్లు కడితే అన్నీ చూడొచ్చు. 2018 ఫిబ్రవరిలో వచ్చిన ఆరిజిన్స్ పదేసి నిమిషాల పది ముక్కలు. సినిమాలో చక్రాన్ని కాపాడిన కేథరిన్ పడుచుతనం నాటి కథ, చాలా తక్కువ ఖర్చుతో. పాత కథతో పేచీ రాకుండా చివర్లో పాత్రల జ్ఞాపకాలే తుడిచేశారు. చూసినవాళ్లకు కూడా ఆ సౌకర్యం ఉంటే బాగుండేదని నాకనిపించింది. 2019 ఆఖరుకు వేదికే మూతపడింది. పండక్కి అభిమానులు డబ్బు కట్టి కొనుక్కున్న కానుక ఎంతోకాలం నిలవలేదు.

బ్రాడ్ రైట్ ఖాళీగా ఏమీ లేడు. పాత కథను కొనసాగించేలా కొత్త సిరీస్ కోసం ఎంజీఎంతో కలిసి పనిచేస్తున్నానని చెబుతూ వచ్చాడు. ఇంతలో స్టూడియోనే అమ్మకానికి వచ్చింది. 2021 మేలో అమెజాన్ 845 కోట్ల డాలర్లకు ఎంజీఎంను కొంటున్నట్టు ప్రకటించింది, 2022 మార్చిలో ఒప్పందం పూర్తయింది. అందరూ మాట్లాడుకున్నది ఎంజీఎం దగ్గరున్న జేమ్స్ బాండ్ సినిమాల గురించి. 4,000 సినిమాలు, 17,000 టీవీ ఎపిసోడ్లున్న గోదాములో స్టార్‌గేట్ ఒక అర. తాళాలు చేతులు మారిన నాలుగు నెలలకు పాతికేళ్ల తేదీ వచ్చింది. కొత్త యజమానికి ఏ అరలో ఏముందో చూసుకునే తీరిక కూడా లేని సమయం అది. రైట్ స్క్రిప్టు ముందుకు కదల్లేదు.

పక్కవాళ్లను చూసినప్పుడు కడుపు మండేది ఇక్కడే. ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ను బీబీసీ 1989లో ఆపేసింది, 2005లో తిరిగి తెచ్చింది. 2013 నవంబరు 23న యాభయ్యో ఏటి ప్రత్యేక ఎపిసోడ్‌ను 94 దేశాల్లో ఒకేసారి వేసి గిన్నిస్ రికార్డు కొట్టింది. అక్కడ ఇన్నేళ్లూ యజమాని మారలేదు.

2025 నవంబరులో అమెజాన్ కొత్త స్టార్‌గేట్ సిరీస్‌ను ప్రకటించింది. సారథి మార్టిన్ గీరో, అట్లాంటిస్ రోజుల్లో రచయితగా పనిచేసిన మనిషి. సలహాదారుల్లో బ్రాడ్ రైట్, పాత నిర్మాత జోసెఫ్ మలోజీ ఉన్నారు. నిర్మాతల జాబితాలో ఎమ్మెరిక్, డెవ్లిన్ పేర్లూ ఉన్నాయి. గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకే ప్రకటనలో కనిపించడం విశేషమే. అయినా ఫ్యాన్స్ సంతోషంలో కాస్త టెన్షన్ కూడా కలిసింది. ప్రకటనలు వాళ్లకు కొత్త కాదు, 2014లోనూ విన్నారు, 2017లోనూ విన్నారు.

ఎస్‌జీ-1కు ముప్పై ఏళ్లు నిండేది 2027 జూలైలో. జనరల్ హామండ్‌గా వేసిన డాన్ ఎస్. డేవిస్ 2008లోనే పోయాడు. జేకబ్ కార్టర్‌గా వేసిన కార్మెన్ ఆర్జెంజియానో 2019లో, విలన్ బాల్‌గా అదరగొట్టిన క్లిఫ్ సైమన్ 2021లో వెళ్లిపోయారు. ఆ తేదీకి ఆండర్సన్‌కు 77 ఏళ్లు ఉంటాయి. అందరినీ ఒక్క వేదిక మీదికి పిలవాలంటే ఇంకో పాతికేళ్లు ఆగి చూద్దాంలే అనడానికి వీల్లేదు, అందుకే ఫ్యాన్స్ ఇప్పట్నుంచే తేదీ గుర్తు చేస్తున్నారు.