పర్మిషన్ లిస్టు చేతిలో ఉంటే పని దొరికినట్టేనా? కొన్ని అపోహలు, అసలు సంగతులు

"మున్సిపాలిటీ ఇచ్చిన ఇండ్ల పర్మిషన్ల లిస్టు సంపాదించిన. వంద మందికి ఫోన్ కొట్టిన. ఒక్క పని తగల్లే." జడ్చర్లలో టైల్స్ మేస్త్రీ అన్నా, మిర్యాలగూడలో ఎలక్ట్రీషియన్ అన్నా ఇదే మాట. లిస్టు మంచిదే. దాన్ని చదివే తీరుతోనే తంటా. చేతిలో పని లేక లేబర్‌ని కూర్చోబెట్టి కూలి ఇస్తున్న మనిషికి ఇది చిన్న కష్టం కాదు, అందుకే ముందుగా ఎక్కువ నష్టం చేసే అపోహ దగ్గరే కూర్చుందాం.

అపోహ: పర్మిషన్ వచ్చిందంటే ఇల్లు మొదలైనట్టే, వెంటనే ఫోన్ చెయ్యాలి.

వాస్తవం: ఒకప్పుడు ఫైలు టేబుల్ టేబుల్ తిరిగేది. అంత తిరిగి కాగితం తెచ్చుకున్నవాడు నిజంగానే కట్టేవాడు. ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే తెలంగాణ 2020 టీఎస్-బీపాస్ చట్టంతో ఆ లెక్క మారింది. 75 గజాల లోపు జాగాలో 7 మీటర్ల ఎత్తు దాకా కట్టుకునే ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. అది దాటి 600 గజాల వరకు, అంటే 500 చదరపు మీటర్ల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి సొంత ధ్రువీకరణ మీద అక్కడికక్కడే అనుమతి. ఆపై వాటికి సింగిల్ విండోలో 21 రోజుల గడువు. కాగితం ఇంత తేలిగ్గా వస్తున్నప్పుడు దాన్ని తీసుకున్నవాళ్లందరూ రేపే పునాది తవ్వుతారని ఎట్లా అనుకుంటాం?

బ్యాంకు లోన్ ఫైలుకు శాంక్షన్ ప్లాన్ కావాలి కాబట్టి తీసుకునేవాళ్లున్నారు. ప్లాటును రెగ్యులరైజ్ చేసుకునే ఎల్ఆర్ఎస్ ఫీజు కట్టిన ఊపులో పర్మిషన్ కూడా చేయించి పెట్టుకునేవాళ్లున్నారు. రేపు ఫీజు పెరుగుతుందేమోనన్న భయం ఇంకొందరిది. ప్లాటు అమ్మేటప్పుడు పర్మిషన్ ఉంటే నాలుగు పైసలు ఎక్కువొస్తాయన్న ఆశ మరికొందరిది. దీనికి పూర్తిగా తిరగేసిన బాపతు కూడా ఉంది: పిల్లర్లు లేపి, మొదటి స్లాబ్ పోసి, అప్పుడు కాగితానికి పోయినవాళ్లు. లిస్టులో వీళ్లందరూ ఒకే వరుసలో, ఒకే నెల తేదీతో ఉంటారు.

నిజంగా కట్టేవాళ్లు కూడా కాగితం చేతికి రాగానే కదలరు. ఆషాఢంలో ముగ్గు పొయ్యరు, పుష్యంలో పొయ్యరు, మూఢం ఉంటే పంతులు ముహూర్తమే పెట్టడు. శ్రావణం, కార్తీకం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం కోసం చూస్తారు. నల్లగొండ, పాలమూరు వైపు వడ్లు, పత్తి పైసలు చేతిలో పడ్డాకే కంకర ట్రాక్టర్ వచ్చే ఇండ్లు తక్కువేం కాదు. జూన్‌లో వచ్చిన పర్మిషన్‌కి నవంబర్‌లో భూమి పూజ అయితే వింతేం లేదు.

పర్మిట్ కాగితంలోనే "ఈ తేదీ లోపు మొదలుపెట్టాలి, ఈ తేదీ లోపు పూర్తి చెయ్యాలి" అని రెండు లైన్లు ఉంటాయి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం మామూలు ఇంటికి మొదలుపెట్టడానికి 18 నెలలు, పూర్తికి మూడేండ్లు. ఆ మొదటి తేదీని చూసి అదే పని తేదీ అనుకుని డైరీలో రాసుకునేవాళ్లున్నారు. అది ఆఖరి గడువు. దాంతో మీ పనికి సంబంధం లేదు.

మరి దేనికి సంబంధం? ఇల్లు ఏ దశలో ఉంది, ఆ దశకు మీ పని ఎన్ని వారాల దూరంలో ఉంది, ఈ రెండిటికి. 150 గజాల ప్లాటులో జీ+1, అంటే కింద ఒకటి, పైన ఒకటి ఫ్లోరు ఉన్న ఇల్లు తీసుకోండి. ఫ్లోరుకు దాదాపు 850 చదరపు అడుగులు, మొత్తం 1,700. ముగ్గు పోసినప్పటి నుంచి బేస్‌మెంట్ నిండేదాకా ఆరు నుంచి ఎనిమిది వారాలు. పిల్లర్లు, మొదటి స్లాబ్ ఐదారు వారాలు. రెండో స్లాబ్‌కు ఇంకో ఐదారు. గోడలకు నాలుగైదు, ప్లాస్టరింగ్‌కు నాలుగు నుంచి ఆరు. వాన, లేబర్ ఊరికి పోవుడు, బ్యాంకు విడత ఆలస్యం, ఇవన్నీ దీని మీద అదనం. ఏ అడ్డం రాకున్నా టైల్స్ మేస్త్రీకి పని దొరికేది ముగ్గు నుంచి ఐదున్నర, ఏడు నెలల మధ్య. పర్మిషన్ వచ్చిన వారంలో ఫోన్ చేస్తే ఓనర్ "చూద్దాంలే అన్నా" అని పెట్టేస్తాడు. ఏడో నెలలో ఆయనకు మీ పేరు గుర్తుండదు, అప్పుడు ప్లాస్టరింగ్ మేస్త్రీ తన బామ్మర్దిని తీసుకొస్తాడు.

ఎలక్ట్రీషియన్‌ది దీనికి పూర్తిగా ఉల్టా. వైరింగ్ ప్లాస్టరింగ్ ముందు కదా, తొందరేముంది అనుకుంటాడు. అక్కడే పని జారిపోతుంది. సెంట్రింగ్ అయి, సలాకలు కట్టి, రేపు పొద్దున కాంక్రీట్ అనగా, ఫ్యాన్ బాక్సులు, పైపులు ఆ సలాకల మధ్య పడాలి. కాంక్రీట్ పడ్డాక స్లాబ్ పగలగొట్టి పైపు వేసేవాడు ఎవడూ లేడు. స్లాబ్ పైపు ఎవరు వేస్తారో ఇల్లంతా వైరింగ్ దాదాపు వాళ్లదే, ఎందుకంటే ఏ పైపు ఎక్కడ దిగిందో తెలిసింది వాళ్లకే. అంటే ఎలక్ట్రీషియన్ పోవాల్సింది పిల్లర్లు లేచి సెంట్రింగ్ చెక్క సైటుకు వచ్చిన రోజు. ప్లంబర్‌దీ అదే కథ, టాయిలెట్ దగ్గర స్లాబ్ దించి పొయ్యాలంటే ముందే మాట్లాడాలి. కార్పెంటర్ ఇంకా ముందు: బేస్‌మెంట్ నిండుతుండగానే దర్వాజకు కట్టె చూస్తారు, గడప పూజకు ముహూర్తం పెడతారు. కిటికీలు చేసేవాళ్లు కొలత తీసేది ప్లాస్టరింగ్ అయినాకే అయినా, మాట ఖాయం చేసుకోవాల్సింది గోడలు లేస్తున్నప్పుడు. పెయింటర్‌కు అందరికన్నా ఆఖరు.

సిమెంటు, స్టీలు దుకాణాలకు ఈ లెక్క పైసల్లో కనబడుతుంది. 1,700 అడుగులకు అడుగుకు 0.4 బస్తా చొప్పున 680 బస్తాలు, అడుగుకు మూడున్నర నుంచి నాలుగు కిలోల చొప్పున ఆరు నుంచి ఏడు టన్నుల స్టీలు. ఆ స్టీలు ఒక్కసారి కొనరు: పునాది-పిల్లర్లకు, మొదటి స్లాబ్‌కు, రెండో స్లాబ్‌కు మూడు దఫాలు. మొదటి దఫా పోయినా రెండో దఫాకు అవకాశం ఉందన్నమాట. టైల్స్ వాళ్లు ప్లాన్‌లో టాయిలెట్లు లెక్కపెట్టాలి. 5 బై 7 టాయిలెట్‌కు చుట్టుకొలత 24 అడుగులు, 7 అడుగుల ఎత్తు దాకా వేస్తే 168 చదరపు అడుగులు, తలుపు పోను 150. నాలుగు టాయిలెట్లుంటే గోడలకే 600 అడుగులు, వేస్టేజ్ ఐదు నుంచి ఎనిమిది శాతం వేరే. ఈ లెక్క కాగితం మీద వేసుకుని పోయినవాడి మాట ఓనర్ వింటాడు.

కాబట్టి చెయ్యాల్సింది ఫోన్లు కాదు, తిరుగుడు. లిస్టును కాలనీల వారీగా విడగొట్టండి. ఒక ఆదివారం బండి మీద ఒక వైపు మొత్తం చూసి రండి. ప్రతి ప్లాటు ముందు ఒక్క మాట రాసుకోండి: ఖాళీ, బోరు పడింది, ముగ్గు, పిల్లర్లు, సెంట్రింగ్, స్లాబ్, గోడ, ప్లాస్టర్. స్లాబ్ పోసిన తేదీ వాచ్‌మన్‌ను అడిగితే చెబుతాడు. మామూలు స్లాబ్ కింద ఆసరాగా పెట్టిన పోట్లు ఏడు నుంచి పద్నాలుగు రోజులు, పెద్ద బీముల కింద 21 రోజుల దాకా ఉంచుతారు. అవి తీస్తే లోపల గోడలు మొదలవుతాయి. అక్కడి నుంచి మీ వారం ఏదో మీరే లెక్కేసుకోవచ్చు. ఖాళీ అని రాసుకున్న ప్లాటు మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తే చాలు. పేపరు మీద నూరు పేర్లుంటే ఆ నెలలో మీ పనికి పనికొచ్చేవి ఏడెనిమిది తేలినా మంచి లిస్టే.

అపోహ: ఓనర్ల ఫోన్ నంబర్లతో సహా లిస్టు కొనుక్కోవచ్చు.

వాస్తవం: ఐదు వేలకో పదివేలకో ఎక్సెల్ అమ్మేవాళ్ల దగ్గర పాత నంబర్లు, కలిపి కొట్టిన పేర్లే ఎక్కువ. పైగా మామూలు పది అంకెల నంబరు నుంచి ముక్కూ మొహం తెలియనివాళ్లకు ప్రచారం ఫోన్లు చేస్తే అలాంటి కాల్స్ మీద ఫిర్యాదులు తీసుకునే 1909కి ఫిర్యాదు పోతుంది, నంబరే కట్ అవ్వొచ్చు. ఆ పైసలు పెట్రోల్‌కు పెట్టుకోండి.

లిస్టు సక్రమంగా కావాలంటే తొవ్వ ఉంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లో 13వ అంశం ప్రకారం, తాను ఇచ్చిన పర్మిట్లు ఎవరెవరికి ఇచ్చిందో ఆఫీసు తనంతట తానే వెల్లడించాలి. అది కనబడకపోతే మున్సిపల్ ఆఫీసు పౌర సమాచార అధికారికి పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. గడిచిన మూడు నెలలని కాలం రాయండి. ఫైలు నంబరు, తేదీ, కాలనీ, ప్లాటు లేదా సర్వే నంబరు, స్థలం విస్తీర్ణం, ఫ్లోర్లు, వాడకం, ప్లాన్ గీసిన లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ (ఎల్‌టీపీ) పేరు, ఇంతే అడగండి. ఫోన్ నంబర్లు అడిగారో, వ్యక్తిగతమని మొత్తం దరఖాస్తే పక్కన పెట్టే ప్రమాదం ఉంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు.

అపోహ: ఆఫీసులో ఒక మనిషిని పట్టుకుంటే అందరికన్నా ముందే తెలుస్తుంది.

వాస్తవం: అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడికీ ఏడేండ్ల దాకా జైలు ఉంది. అంత రిస్కు తీసుకున్నా మీకు తెలిసేది ఫైలు పడ్డాకే. ప్లాన్ గీసే ఎల్‌టీపీకి, ఇంజనీర్‌కు అంతకన్నా నెల ముందే తెలుసు, బోరు వేసేవాడికి ఇంకోలా తెలుసు. ఒకే ఎల్‌టీపీ పేరు లిస్టులో పదిసార్లు వచ్చిందంటే పోయి చాయ్ తాగాల్సింది ఆయనతో. కాగితంలో బిల్డర్ పేరు వేరుగా ఉంటే ఓనర్ చుట్టూ తిరగడం దండగ. డెవలప్‌మెంట్‌కు ఇచ్చిన జాగాలో పని ఎవరికివ్వాలో తేల్చేది బిల్డరే.

అపోహ: కాగితంలో రాసిన నిర్మాణ విలువే ఓనర్ బడ్జెట్.

వాస్తవం: అది ఫీజులకు, ఒక శాతం లేబర్ సెస్‌కు లెక్కేసిన అంకె. దాన్ని చూసి కొటేషన్ ఇచ్చి మునిగినవాళ్లున్నారు. అడుగుల లెక్క చూడండి, రూపాయల లెక్క వదిలెయ్యండి.

అపోహ: జిల్లాలో పనులన్నీ మున్సిపాలిటీ లిస్టులో ఉంటాయి.

వాస్తవం: ఊర్లలో అనుమతి పంచాయతీది, అక్కడ కార్యదర్శిని అడగాలి. ఇందిరమ్మ ఇండ్లు 400 నుంచి 600 అడుగుల లోపు, ఐదు లక్షలు విడతల్లో పడేవి. ఒక్కోటి చిన్నదే అయినా ఒకే ఊర్లో ఇరవై ఉంటే సెంట్రింగ్ సామాను ఖాళీగా ఉండదు. పోలేపల్లి లాంటి పారిశ్రామిక వాడల్లో షెడ్ల అనుమతి చూసేది ఐలా, అంటే ఆ వాడకున్న స్థానిక అథారిటీ, మున్సిపాలిటీ లిస్టులో వెతికితే దొరకవు. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటి అమ్మకానికి కట్టే ప్రాజెక్టులు రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ సైటులో ఉంటాయి. ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజనీర్, కాంట్రాక్టర్ పేర్లతో పాటు మూడు నెలలకోసారి పని ఎంతదాకా వచ్చిందో బిల్డరే అందులో పెట్టాలి. లిఫ్ట్, ఫైర్, అల్యూమినియం పనులవాళ్లు బండి తియ్యకముందే చూడాల్సింది అదే. స్కూళ్లు, ఆఫీసు బిల్డింగుల వంటి సర్కారు పనులకు టెండర్ సైటు వేరే ఉంది, రిజిస్ట్రేషన్, ఈఎండీ (టెండర్‌తో పాటు కట్టే డిపాజిట్) లేకుండా అటు పోయినా పని లేదు.