చదరంగపు గింజల లెక్క

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని మొదటి గడికి ఒక బియ్యపు గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు చొప్పున రెట్టిస్తూ 64 గళ్లకూ ఇప్పించమని అడిగిన కథ మనలో చాలామంది చిన్నప్పుడే విన్నారు. ఆ గింజల మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. గ్రాముకు 50 గింజలు తూగుతాయనుకుంటే ఇది దాదాపు 37 వేల కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతటా ఏటా పండే బియ్యం ఇంచుమించు 50 కోట్ల టన్నులు గనుక రాజుగారి బాకీ తీరడానికి ఏడు వందల ఏళ్లకు పైనే పడుతుంది. కథ చెప్పేవాళ్లు ఈ సంఖ్య ఎంత పెద్దదో చెప్పి ఊరుకుంటారు గాని, అది ఎంత తేలిగ్గా ముక్కలవుతుందో చెప్పరు.

మామూలుగా 20 అంకెల సంఖ్యను చేతికిచ్చి కారణాంకాలు రాయమంటే కాగితం మీద తేలే పని కాదు. కానీ ఇది 2⁶⁴ నుంచి ఒకటి తీసేస్తే వచ్చిన సంఖ్య. 2⁶⁴ ఒక వర్గం, 1 కూడా వర్గమే. రెండు వర్గాల భేదం వాటి మూలాల మొత్తానికీ భేదానికీ లబ్ధమన్న బడి సూత్రంతో ఇది 2³²+1, 2³²−1 అని రెండుగా చీలుతుంది. రెండో ముక్కకు మళ్లీ అదే సూత్రం వర్తిస్తుంది. 64 కూడా 2 ఘాతాల్లో ఒకటే కావడంతో ఈ చీలిక మధ్యలో ఎక్కడా ఆగదు. చివరికి 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 మిగులుతాయి.

ఈ ఆరూ ఫెర్మా సంఖ్యలు, అంటే 2కు 1, 2, 4, 8, 16 ఇలా రెట్టిస్తూ పోయే ఘాతాలు వేసి 1 కలిపితే వచ్చేవి. ఈ వరుసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదింటి విషయంలో ఆయన నమ్మకం నిజమే. ఆరోది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ చూపాడు. దాని ప్రధాన కారణాంకం ఏదైనా సరే 64తో భాగిస్తే శేషం 1 రావాలని కూడా ఆయన తరవాత నిరూపించాడు. ఆ లెక్కన పరీక్షించవలసినవి 193, 257, 449, 577, ఆ వెంటనే 641. భాగహారం జోలికి పోకుండానే దీన్ని సరిచూసుకోవచ్చు. 641 అంటే 5×2⁷+1, అదే 5⁴+2⁴ కూడా. మొదటి రూపాన్ని బట్టి 5×2⁷ను 641తో భాగిస్తే శేషం −1 (అంటే 641కి ఒకటి తక్కువ). నాలుగో ఘాతానికి పోతే 5⁴×2²⁸కు శేషం 1. రెండో రూపాన్ని బట్టి 5⁴ చోట −2⁴ వేసుకోవచ్చు గనుక −2³²కు శేషం 1, కాబట్టి 2³²+1కు శేషం సున్న. ఇంత చిన్న లెక్క ఫెర్మాకు తట్టకపోవడం నాకు ఇప్పటికీ వింతే.

అలా రాజుగారి బాకీ 3×5×17×257×641×65,537×67,00,417 అని ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధంగా తేలుతుంది. దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 128. వీటిలో మొదటి ఐదు ఫెర్మా సంఖ్యలకు రేఖాగణితంతోనూ చుట్టరికం ఉంది. 17 భుజాల క్రమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినులతోనే గీయవచ్చని 1796లో జర్మన్ గణితవేత్త గాస్ కనుక్కున్నాడు. ఆ పద్ధతిలో గీయగలమని ఇప్పటికి తెలిసిన బేసి భుజాల క్రమబహుభుజులు 31. వాటి భుజాల సంఖ్యలు ఆ ఐదింటి లబ్ధానికి 1 కాక ఉన్న కారణాంకాలే.

మన సంఖ్యకు 2 కలిపితే వచ్చే 2⁶⁴+1 ఈ వరుసలో ఏడో ఫెర్మా సంఖ్య. వర్గాల భేదానికి పనికొచ్చిన సూత్రం వర్గాల మొత్తానికి పనికిరాదు. అందువల్ల దాని కారణాంకం 2,74,177 బయటపడటానికి ఆయిలర్ తరవాత 123 ఏళ్లు పట్టింది; 1855లో క్లాసెన్ అనే గణితవేత్త దాన్ని ఒక ఉత్తరంలో రాశాడు, 1880లో దాన్ని ప్రచురించిన ఫ్రెంచివాడు లాండ్రీకి అప్పటికి ఎనభై దాటాయి.