గుర్రపు డెక్క మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తుందో చెప్పే లెక్క

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మా ఊరి వంతెన దగ్గర పొక్లెయిన్ పెట్టి, నీళ్ళ మీద తేలుతూ పెరిగే కలుపు మొక్క గుర్రపు డెక్క అంతా లాగి గట్టు మీద పోశారు, జూన్‌లో నీళ్ళొదిలాక కాలువ ఎంత బావుందో, తీరా వినాయక చవితికి ఊరెళ్ళి చూస్తే వంతెనకి అటూ ఇటూ ఎక్కడా నీళ్ళు కనపడట్లేదు, అంతా ఆకులూ ఊదా పూలూనే. "సరిగ్గా తియ్యలేదురా, సగం సగం పీకి పోయారు" అన్నాడు బాబాయ్. నాకూ అదే అనిపించింది గానీ ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్కేస్తే వేరే సంగతి తేలింది.

ఈ మొక్క గింజ కోసం ఆగదు, పక్కకి ఒక కాడ చాపి దాని చివర పిల్ల మొక్క పెడుతుంది, ఆ పిల్ల ఇంకో పిల్లని పెడుతుంది. వెచ్చగా ఉండి ఎరువు దొరికితే వారం నుంచి రెండు వారాల్లో రెట్టింపు అయిపోతుంది, మనం 10 రోజులు అనుకుందాం. వెయ్యి చదరపు మీటర్ల కాలువ ముక్కలో 50 చదరపు మీటర్ల డెక్క మిగిలిందనుకుంటే పది రోజులకి 100, ఇరవైకి 200, నలభైకి 800, యాభైకి 1600... కానీ కాలువే వెయ్యి కదా! అంటే ఉత్త రెట్టింపు లెక్క పనికిరాదు, ఎక్కడో బ్రేక్ పడాలి.

ఆ బ్రేక్‌ని 1838లో బెల్జియం గణితజ్ఞుడు వెర్‌హల్స్ట్ జనాభా కోసం రాశాడు, తర్వాత అందరూ మర్చిపోతే 1920లో అమెరికాలో పెర్ల్, రీడ్ అనే ఇద్దరు మళ్ళీ అదే లెక్కకి వచ్చారు. చాలా సింపుల్, ఈ రోజు ఎంత పెరుగుతుంది అంటే ఉన్న మొక్క, ఇంటూ పెరిగే వేగం, ఇంటూ ఇంకా ఎన్నో వంతు ఖాళీ ఉందో అది. అంతే.

మన కాలువకి ఇది వేసి చూడండి. మొదట్లో రోజుకి మూడు చదరపు మీటర్ల చిల్లర పెరుగుతుంది, ఎవరి కంటికీ ఆనదు. 42 రోజులకి సగం కాలువ నిండుతుంది, అప్పుడు రోజుకి 17 చదరపు మీటర్లు పైనే పాకుతుంది, "రాత్రికి రాత్రే కమ్మేసింది" అని మనవాళ్ళు అనేది ఈ టైములోనే. 85 రోజులకి నూటికి 95 పాళ్ళు నిండుతుంది, అప్పుడు మళ్ళీ రోజుకి మూడు మీటర్లే. జూన్ మధ్య నుంచి 85 రోజులు లెక్కపెట్టండి, సరిగ్గా చవితి రోజుల్లోకే వస్తాం! నూటికి 95 పాళ్ళు శుభ్రం చేసినా అంతే, పాపం పీకినవాళ్ళ తప్పేం లేదు.

నన్ను బాగా ఆపేసింది ఆ తర్వాతి లెక్క. నూటికి పది పాళ్ళు వదిలేస్తే సగం కాలువ నిండడానికి 32 రోజులు, ఇంకా కష్టపడి ఐదు పాళ్ళకి తెస్తే 42, అంత కష్టానికీ దక్కింది పది రోజులు. అదే పెరిగే వేగాన్ని సగానికి తగ్గించగలిగితే సగం నిండడానికి ఏకంగా 85 రోజులు పడుతుంది. పీకుడు ఒక్కదానితోనే ఆ 85 రావాలంటే వెయ్యి మీటర్లలో మూడు మీటర్లు కూడా మిగల్చకూడదు, అది మనుషుల వల్ల అయ్యే పని కాదండీ.

మరి ఆ వేగం ఎక్కణ్ణించి వస్తోంది? ఎండ మన చేతిలో లేదు. నత్రజని, భాస్వరం మాత్రం మనం పంపినవే, చేలల్లో చల్లిన యూరియా, చేపల చెరువుల నుంచి వదిలిన నీళ్ళు, ఊళ్ళ మురుగు, అన్నీ డ్రెయిన్లలోకీ కాలువల్లోకీ దిగేవే. సముద్రం వైపు ఉప్పు పోటు ఎక్కే డ్రెయిన్లలో డెక్క బతకదు, ఉప్పు దానికి పడదు, అంటే అదే మొక్కకి చోటుని బట్టి లెక్కలో అంకెలు మారిపోతాయి.

నా లెక్కలో లేనివి కూడా చెప్పాలి. పై ఊళ్ళ నుంచి కొట్టుకొచ్చే డెక్కని నేను కలపలేదు, అది కలిపితే మన ముక్క ఎంత నున్నగా తీసినా మొదటి రోజు నుంచే మళ్ళీ మొదలు. బురదలో గింజలు ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి, కాలువ ఎండి బురదకి వెలుతురు తగిలితే మొలకెత్తుతాయి కూడా. దీన్ని తినే ముక్కు పురుగుల్ని 1980ల్లో మన దేశానికి తెచ్చి వదిలారు, 1925లో లోట్కా, 1926లో వోల్టెరా రాసిన తినేవాడు-తినబడేవాడు సమీకరణాలు అక్కడ పనికొస్తాయి, తినేవాడి సంఖ్య ఎప్పుడూ కాస్త వెనకే పెరుగుతుంది కాబట్టి ఏడాదికోసారి మొక్కతో పాటు పురుగునీ గట్టున పడేస్తే అది ఎప్పటికీ అందుకోలేదు.

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైన మోడల్, 2003లో షెఫర్ అనే శాస్త్రవేత్త బృందం వేసింది. నీళ్ళ అడుగున పెరిగే నాచు నీళ్ళలో ఎరువుని లాగేసుకుంటుంది, పైన తేలేదానికి తిండి మిగలదు. పైన తేలేది కమ్మేస్తే అడుక్కి వెలుతురు పోదు, నాచు చస్తుంది. తాటి దోనె తెలుసుగా, కొంచెం ఒరిగితే తనే సర్దుకుంటుంది, ఒక హద్దు దాటిందా బోల్తా, బోల్తా పడ్డాక కూడా అలాగే నిలకడగా తేలుతూ ఉంటుంది, దానంతటది లేవదు. ఎరువు ఎక్కువైన కాలువ కూడా అంతే, కాస్త పీకి వదిలేస్తే మళ్ళీ బోర్లానే. ఎరువు తగ్గించి, ఒక్కసారి గట్టిగా తీసి, నాచుకి వెలుతురు అందిస్తేనే రెండో వైపుకి తిరిగే అవకాశం ఉందని ఆ మోడల్ చెప్తుంది.

అయితే ఇదంతా నేను పది రోజులు అని అనుకున్న అంకె మీద నిలబడి ఉంది. మా కాలువలో అది ఎనిమిదో పదిహేనో కొలవాలి. అందుకే వచ్చే జూన్‌లో వంతెన కింద నీళ్ళ మీద తేలేలా మీటరు వెడల్పు వెదురు చట్రం కట్టి, అందులో నాలుగు మొక్కలు వేసి, ఆదివారం ఆదివారం ఫోటో తీసి పంపమని బాబాయ్‌ని అడిగాను. "లెక్కపెట్టేది నువ్వేగా, ఫోటో నేను తీస్తాలే" అన్నాడు.